పిడి బిగించని తలుపు

తలుపు ఎంత బాగా పడిందంటే, ముందు నేను సంతోషించాను. టక్కుమని ఒక్క చప్పుడు, అంతే, గలగల లేదు, ఊగడం లేదు. తలుపుల సామాను అమ్మి బతికిన చెవి నాది, గడియ పడే చప్పుడు విని సరుకు ఏ రకమో చెప్పేస్తాను, ఇది మొదటి రకం అనుకున్నాను, అనుకుని ఇక దిగుదామని చేయి పక్కకు పెడితే అక్కడ పిడి లేదు. పిడి ఉండాల్సిన చోట వేలు పట్టేంత కన్నం, కన్నం లోపల ఎక్కడో ఒక ఇనప చువ్వ కొస, వేలికి తగిలీ తగలనట్టు, తగిలినా కదలనట్టు. అటూ ఇటూ తడిమాను, సీటు కింద తడిమాను, కళ్ళజోడు పోగొట్టుకున్న వాడు కళ్ళజోడు కోసం తడిమినట్టు. లేదు. బజారులో నన్ను గడియల షావుకారు అంటారు. మా ఊళ్ళో సగం తలుపులు నేనమ్మిన బందుల మీదే తిరుగుతాయి. ఆ షావుకారు ఇప్పుడు సొంత ఇంట్లో, సొంత షెడ్డులో, పిడి లేని తలుపు వెనక, కాళ్ళు బారజాపుకుని, పొట్ట స్టీరింగుకి ఆనించి, బోనులో పడ్డ ఎలుకలా ఉన్నాడని తెలిస్తే చాలు, ఎదురు కొట్టువాడు ఆ పూట బేరాలు మానేసి మరీ నవ్వుతాడు. తెలియడానికి ఎంతోసేపు పట్టదు కూడా. పాత కార్ల సంఘం వాళ్ళు బయలుదేరే ఉంటారు. మీరు ఒంటిచేత్తో బాగుచేసిన కారు మాకు ఎప్పుడు చూపిస్తారు అని ఆ సంఘం పెద్ద, పళ్ళ డాక్టరుగారు, కనబడ్డప్పుడల్లా అడుగుతుంటే, ఈ ఆదివారం పొద్దున రమ్మన్నాను. రమ్మన్నాక, ఆ కారుని నిజంగా బాగుచేస్తున్న మనిషిని, అంటే మా ఆవిణ్ణి, వాళ్ళ అక్కగారింటికి పంపించాను.

నష్టం వచ్చినప్పుడు ఏడవడం తర్వాత, ముందు ఎక్కడ వచ్చిందో వెతకడం మా వృత్తి. ఎక్కడంటే, గుడ్డపీలిక దగ్గర. తలుపు అంచున, గడియ నాలుక పడే చోట, ఆవిడ నూనెగుడ్డ పీలిక ఒకటి చుట్టి కట్టింది. బయటి పిడులు పూత వేయించడానికి ఇచ్చింది, లోపలివి ఇంకా బిగించలేదు, అందాకా తలుపు పూర్తిగా పడకుండా ఆ పీలిక. ఇప్పుడు తెలుస్తోంది, ఇప్పుడు ఎవరైనా చెప్పగలరు. ఇందాక నా కంటికది మురికిలా కనబడింది. కొనేవాడు గుమ్మంలోకి రాకముందే సరుకు తుడవాలని చిన్నప్పుడే నేర్చుకున్నవాణ్ణి, షోకేసులో దారప్పోగు కనబడినా నా చేయి ఊరుకోదు, పీలిక విప్పాను, మడిచాను, జేబులో పెట్టుకున్నాను, శుభ్రమైన మనిషిని కదా, లోపలికి దూరి కూర్చుని తలుపు లాక్కున్నాను. రెండో తలుపు గోడ వైపు, తెరుచుకున్నా పిల్లి పట్టదు. వెనక్కి పాకి పోదామంటే వెనక సీటు అనేదే లేదు, వీపు వెనక చిన్న అద్దం, అద్దం అవతల ఇంజను. కిటికీ గాజు పైకి ఎత్తి చెక్కముక్క బిగించి ఉంది, పైన రెండు వేళ్ళ సందు, ఊపిరికి ఫరవాలేదు, పరువుకే చాలదు. హారను నొక్కాను, బ్యాటరీ తీసి ఉంది. ఫోను ఎదురుగా పనిబల్ల మీద ఉంది, పానాల పక్కన, తెర పైకి పెట్టి. అరవొచ్చు. అరిస్తే ఎదురింటి పెద్దాయన వస్తాడు, మా ఇంట్లో చెంచా కింద పడినా వచ్చే మనిషి, వచ్చి ముందు తీరిగ్గా చూస్తాడు, తర్వాత ఎందుకు, ఎలా, ఎప్పుడు అని అడుగుతాడు, తర్వాత వెళ్ళి వాళ్ళావిణ్ణి కూడా తీసుకొస్తాడు. అందుకని అరవలేదు. ఇంతకన్నా చిన్న విషయాలకి కొట్లో పనివాళ్ళ మీద ఎంతెంత గట్టిగా అరిచానో గుర్తొచ్చింది, ఆ గొంతు ఇప్పుడు ఎక్కడికి పోయిందో.

ఈ కారు మా ఇంటికి సరుకుగా వచ్చింది. పడగొట్టబోయే బంగళా ఒకదాని తలుపులూ కిటికీలూ గుత్తకి కొన్నప్పుడు వెనక షెడ్డులో దుమ్ము కింద ఇది కనబడింది, నేలకి అతుక్కుపోయిన ఒళ్ళు, బల్లెంలా సాగిన ముక్కు, రెప్పలు మూసుకున్నట్టు మూతల కింద దీపాలు. ముందు మూత ఎత్తి చూస్తే ఇంజను లేదు, ఒక స్టెప్నీ పడుకుని ఉంది. ఇంజను ఎవడో ఎత్తుకుపోయాడు, ఇది ఉత్త డొక్కు, దీన్ని మోసుకుపోవడమే మీకు ఉపకారం అని వాదించి గుత్తలో ఇంకాస్త దించాను. ఇంటికి తెచ్చి ఆ బేరం గురించి గొప్పగా చెబుతుంటే ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగి, సీట్ల వెనక ఉన్న ఇంకో మూత గొళ్ళెం వేలితో మీటి ఎత్తి, "ఇంజను ఇక్కడుందండీ" అంది. సీట్లకీ వెనక చక్రాలకీ నడుమ, అడ్డంగా, నడుముకి కట్టుకున్న మూటలా ఉంది. ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే నేనూ నవ్వేసేవాణ్ణి, అక్కడితో చెల్లయిపోయేది. ఆవిడ కుట్టుమిషన్లు బాగుచేసే ఇంటి పిల్ల, నూనె వాసన పుట్టింటి వాసన, పాత ఇనుముకి వెయ్యకండి, షెడ్డులో ఓ మూల ఉండనివ్వండి అంది. షెడ్డు ఖాళీగానే ఉంది, అద్దె రాదు, పోయేదేమీ లేదని లెక్కవేసి సరే అన్నాను. ఇంజను కనపడకపోవడం సంగతి మటుకు బజారులో మరోలా చెప్పాను, వెనక ఉందని నాకు తెలుసు, బేరం కోసం తెలియనట్టు నటించానని. అందరూ నా తెలివిని మెచ్చుకున్నారు. మొదటి అబద్ధం అలా ఉత్తపుణ్యానికి లాభం తెచ్చింది, లాభం తెచ్చిన సరుకుని మళ్ళీ తెప్పించకుండా ఉండే వ్యాపారి ఎవడు.

తర్వాత మా ఇంటి వాసన మారింది. ఆవిడ దూలానికి గొలుసు కప్పీ వేలాడదీసి కారు ఒంటిని పైకి ఎత్తి, ఇంజనుని చక్రాల పలక మీద కిందనుంచి బయటికి లాగింది, ఇలాంటి కార్లకి పైనుంచి తీయడం కుదరదట. తలుపుల కింద తుప్పు తిన్న గడపలు కోసి పారేసింది, వెల్డింగు అతన్ని పిలిపించి మొదట చేయించుకుంది, తర్వాత ఆ ముసుగు తనే తగిలించుకుంది. ఆదివారం మధ్యాహ్నాలు నేను నిద్రపోతుంటే పక్కనే ఉన్న షెడ్డులోంచి గీకుడు చప్పుడు, గీకుడు ఆగితే రుద్దుడు, రుద్దుడు ఆగితే ఇంజను సన్నగా గొణిగే ఒక సేపు, ఆ సేపే నాకు మెలకువ తెప్పించేది, వెళ్ళి చూస్తే రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస కార్బురేటరు నోటి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నాలుగు నోళ్ళూ ఒకే ఊపిరి తీస్తున్నాయో లేదో వింటోంది. ఆ ముఖం నాకు తెలియనిది. తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను. ఇంతలో పళ్ళ డాక్టరుగారు ఆస్పత్రి తలుపుకి బందుల కోసం మా కొట్టుకి వచ్చి, మాటల్లో పాత కారు సంగతి వచ్చి, మీరే చేస్తున్నారా అన్నారు. నేను అవునని అనలేదు. బందులు కాగితంలో చుడుతూ, తీరిక దొరికినప్పుడు ఏదో, అన్నాను. అంత చదువుకున్న మనిషి, నోట్లో వేలు పెట్టించుకోవడానికి జనం వరసలో నిలబడే మనిషి, నా రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. జీవితంలో ఎవరైనా నా చేతుల్ని మెచ్చుకోవడం అదే మొదటిసారి, తూకం సరిగ్గా వేసినందుకు కాదు, చిల్లర సరిగ్గా ఇచ్చినందుకు కాదు. ఆ రుచి తగిలాక ఇక మానలేకపోయాను. సంఘం వాళ్ళ టీ పార్టీలకి వెళ్ళే ముందు షెడ్డులోకి దూరి, నల్ల గ్రీజు కాస్త వేలితో తీసి గోళ్ళ మూలల్లోకి రుద్దుకునేవాణ్ణి, ఎంత కడిగినా పోలేదన్నట్టు. ఆ నెలలోనే, మా తోడల్లుడి కూతురి పెళ్ళిలో, ఆవిడ గోళ్ళు చూసి నేను పక్కకి పిలిచి ఏమన్నానో ఇప్పుడు ఈ సీటులో కూర్చుని తలుచుకుంటే చెవులు కాలుతున్నాయి. నలుగురిలో ఆ చేతులేమిటి, కొంగు కప్పుకో అన్నాను. కప్పుకుంది. భోజనాల దగ్గర కూడా ఎడమచేతి మీద కొంగు అలాగే ఉంది. ఆవిడ మసి దాచమన్నాను, అదే మసి నేను పూసుకున్నాను. సొమ్మొకడిది సోకొకడిది అని జనం తేలిగ్గా అనేస్తారు, సోకు చేసుకున్నవాడికి ఒళ్ళంతా ఎలా దురద పెడుతుందో ఆ సామెత కట్టినవాడికి తెలియదు.

ఫోను వెలిగింది. బల్ల మీద కాస్త కదిలి, పానాలకి తగిలి గలగలలాడి ఆగిపోయింది. మళ్ళీ వెలిగింది. డాక్టరుగారు దారి తప్పి అడుగుతున్నారేమో, తప్పితే బాగుండును, అలాగే తప్పిపోయి వాళ్ళ ఇళ్ళకి చేరితే బాగుండును. కాళ్ళ దగ్గర రబ్బరు చాప కింద గట్టిగా ఏదో తగిలింది, వంగి తీస్తే బరువైన పానా. సరే, ఇదొక దారి. ఒక్క దెబ్బ, కిటికీ గాజు పోతుంది, చేయి బయట పెట్టి, కన్నంలోంచి గడియ లాగి బయటపడొచ్చు, ముక్కలు ఊడ్చేసి, గాజు ఇంకా రాలేదండీ అని చెప్పొచ్చు. చేయి ఎత్తాను కూడా. ఈ గాజు దొరకడానికి ఆవిడ ఎన్ని ఊళ్ళకి ఫోన్లు చేసిందో, చివరికి ఎక్కడో తుక్కు దుకాణంలో ఒకటి ఉందంటే తనే వెళ్ళి, రెండు దుప్పట్లలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది, పక్కసీటావిడ పాప పడుకుందా అని అడిగిందట, ఆ మాట చెప్పి ఆ రోజంతా నవ్వింది. పానా దించేశాను. గాజు ఒక పళ్ళెంలో, నా మానం ఒక పళ్ళెంలో పెట్టి చూస్తే గాజే మొగ్గింది, ఇది నా గొప్ప కాదు, ఉన్న సరుకు బరువు అది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు, ఇన్నాళ్ళూ నన్ను నేను మంచి ధరకే అమ్ముకున్నాను, ఇప్పుడు నేనే కొనాల్సి వస్తే ఎంతకి కొంటాను.

అసలు లోపలికి ఎందుకు దూరానంటే బట్టీ పట్టడానికి. వాళ్ళు ఏది అడిగినా తడుముకోకూడదని, ఇది గేరు కడ్డీ, ఇక్కణ్ణించి సీట్ల మధ్య సొరంగంలో వెనక్కి పోతుంది, ఇది చేతిబ్రేకు, దీని పక్కనుంచి నీళ్ళ గొట్టాలు, ఇంజను వెనకున్నా రేడియేటరు ముక్కులో ఉంటుంది కాబట్టి నీళ్ళు కారు పొడుగునా వెళ్ళి రావాలి. వింతేమిటంటే, అన్నీ వచ్చాయి. పరీక్షకి వచ్చిన పిల్లాడికి పాఠమంతా వచ్చేసినట్టు వచ్చాయి. ఎప్పుడు నేర్చుకున్నాను వీటిని? భోజనాల దగ్గర. ఆవిడ చెబుతూనే ఉంటుంది, నేను తింటూ ఊఁ కొడుతుంటాను, ఆడవాళ్ళకి ఉత్సాహం వస్తే ఇంతే అనుకుంటాను. రేడియేటరు సంగతి ఎప్పుడు చెప్పిందో గుర్తుకొచ్చింది. అంతకుముందు రోజు సాయంత్రమే మా కొట్టు ముందు నలుగురూ చేరితే, రేడియేటరూ ఇంజనూ రెండూ వెనకే ఉంటాయండీ, అదే దీని ప్రత్యేకత అని నేను చెప్పాను. మర్నాడు అన్నం వడ్డిస్తూ, ఏ మాటకీ సంబంధం లేకుండా, "రేడియేటరు ముందుంటుందండీ, చాలామంది వెనక అనుకుంటారు" అంది. చాలామంది. అలాగే గేర్లు అయిదని నేను ఎక్కడో కోతలు కోసిన మర్నాడు, ఈ రకానికి నాలుగేనని, అయిదు తర్వాత వచ్చాయని. ఆ మాటలు అక్కణ్ణించి ఇక్కడికి ఎలా నడిచొచ్చాయి? రంగుల కొట్టతను. మా కొట్టుకి రెండు కొట్ల అవతల, ఆవిడ ప్రైమరూ ఉప్పుకాగితమూ కొనేది అక్కడే, అతను విన్నది దాచుకునే మనిషి కాదు. ఒకరోజు నేను ఆ దారిన పోతుంటే, సారు పంపారామ్మా, పనెంతవరకు వచ్చిందట సారుది అని అతను అడగడం, అవునండీ, ఆయనకే, అయిపోవచ్చింది అని ఆవిడ అనడం నా చెవిన పడ్డాయి. ఏం గడుసుగా తప్పించుకుంది అని అప్పుడు మెచ్చుకున్నాను. తప్పించింది తనని కాదు.

ఆగు, ఇంకోటుంది, ఇది పొద్దున్నే జరిగింది. చెప్పులు వేసుకుంటూ, తల ఎత్తకుండానే, "ఎవరైనా స్టార్టు చేసి చూపించమంటే, నీళ్ళ గొట్టాల్లో గాలి ఇంకా తియ్యలేదనండి. ముందు చక్రాలు ఎత్తి తీస్తారు. ఇప్పుడు నడిపితే ఇంజను వేడెక్కుతుంది" అంది. నేను సరేలే, ఆలస్యమవుతోంది, బయలుదేరు అన్నాను. ఎవరైనా అంటే ఎవరు? ఎవరో వస్తున్నారని నేను చెప్పనే లేదు. అక్కకి ఒంట్లో బాగాలేదట, ఒకసారి చూసిరారాదూ అన్నాను, అంతే అన్నాను, ఎంత సహజంగా అన్నానో అని నాలో నేనే మురిసిపోయాను. బాగోలేని అక్కకి తను ఫోను చేసి ఉండదా? బాగానే ఉన్నానని అక్క చెప్పి ఉండదా? అంతా తెలిసి, పెట్టె సర్దుకోకుండా, చేతిసంచి ఒకటి భుజాన వేసుకుని, గేటు దగ్గర ఒకసారి షెడ్డు వైపు చూసి వెళ్ళింది. నేను ఆవిణ్ణి పంపించాననుకున్నాను. ఆవిడ వెళ్ళింది, నాకు చోటిచ్చి, చెప్పాల్సిన జవాబు కూడా చేతిలో పెట్టి. గ్రీజు పూసుకోవడం కూడా చూసే ఉంటుంది. చూసి డబ్బా మూత బిగించి పెట్టి ఉంటుంది, వేలి గుంట అలాగే కనబడుతుంటే. ఇన్నాళ్ళూ నేను దొంగిలించాననుకున్నదంతా ఆవిడ కొలిచి ఇచ్చిందే. దొంగతనమైతే తిరిగి ఇచ్చెయ్యొచ్చు, దీన్నేం చేయాలి. సీటు రెక్సిను చెమటకి వీపుకి అంటుకుంటోంది, ఆ కుట్లు కూడా ఆవిడవే, ఒక్కో కుట్టూ వీపుకి తెలుస్తోంది.

గేటు చప్పుడైంది. మాటలు, నవ్వులు, ఎవరూ లేరా అని డాక్టరుగారి గొంతు, తలుపు తీసే ఉందే అని ఇంకెవరిదో. షెడ్డు గుమ్మంలో నలుగురి నీడలు పడ్డాయి, నేను కూర్చున్న ఎత్తుకి ముందు బూట్లూ మోకాళ్ళూ కనబడ్డాయి. డాక్టరుగారు వంగి గాజులోంచి చూసి, ముఖం విప్పారి, వెనక్కి తిరిగి, "చూశారా, మనం వచ్చేదాకా కూడా పని ఆపలేదు ఈయన. పనివాడంటే ఇలా ఉండాలి" అన్నారు. అబద్ధం నన్ను వెతుక్కుంటూ వచ్చింది, కడిగి, మడిచి, ఉచితంగా. నేను నోరు తెరవక్కర్లేదు, తల ఊపితే చాలు. లోపలి పని ఉంది, తలుపు పరీక్షిస్తున్నాను, బయటనుంచి ఆ కన్నంలో ఏదైనా పెట్టి కాస్త లాగండి అంటే చాలు, ఆ తర్వాత గొట్టాల్లో గాలి గురించి చెబితే సంఘం సంఘమంతా నోరు తెరుచుకుని వింటుంది. నా మొత్తం వ్యాపారంలో ఇంత సుళువైన బేరం రాలేదు. తల ఊపబోయాను. మెడ కదల్లేదు, సిగ్గుతోనో, ఇంతసేపు వంచి ఉన్నందుకో తెలియదు. రెండు వేళ్ళ సందు దగ్గరికి నోరు పెట్టాను.

"డాక్టరుగారూ, నేను పని చేయడం లేదండీ. ఇరుక్కుపోయాను. తలుపు వేయకూడదని నాకు తెలియదు. ఈ కారులో ఒక్క మర కూడా నేను బిగించలేదు, అంతా మా ఆవిడ చేసింది. మీరొస్తున్నారని ఆవిణ్ణి నేనే ఊరు పంపించాను."

ఒకాయన దగ్గాడు. డాక్టరుగారు వంగినవారు వంగినట్టే ఉండి, పన్ను పీకేముందు చూసేట్టు నన్ను చూశారు, కోపంగా కాదు, ఎంత లోతుకి పోయిందోనని. ఇంకొకాయన పక్కకి తిరిగి నవ్వాడు, నాకు వినపడకూడదనే, వినపడింది. తలుపు తీద్దామని ఒకరు చేయి వేస్తే, లాగకండి, అంచు రంగు పోతుంది, ఎలా తీయాలో ఆవిడకే తెలుసు, ఆ బల్ల మీద ఫోనుంది, కాస్త ఆవిడకి చెయ్యండి అన్నాను. చేయాల్సిన పని లేకపోయింది. నేను ఫోను ఎత్తడం లేదేమిటా అని ఆవిడే కంగారుపడి సగం దారిలోనే బస్సు దిగి వచ్చేసిందట, చేతిసంచి భుజానే ఉంది, గుమ్మంలో ఇంతమందిని చూసి ఒక్క క్షణం ఆగింది, కారులో నన్ను చూసింది, పూర్తిగా పడిన తలుపునీ, దాని అంచున లేని పీలికనీ చూసింది. బల్ల మీంచి సన్న స్క్రూడ్రైవరు తీసి కన్నంలో పెట్టి, మోచెయ్యి కూడా కదలకుండా ఒకసారి తిప్పింది. తలుపు తెరుచుకుంది.

"ముందు కాళ్ళు బయట పెట్టండి. గడప మీద బరువు వెయ్యకండి" అంది.

కాళ్ళు పెట్టాను, తర్వాత చేతులు నేల మీద పెట్టాల్సి వచ్చింది, నలుగురి బూట్ల ముందు నాలుగు కాళ్ళ మీద బయటపడి, గోడ పట్టుకుని లేచాను. డాక్టరుగారు ఆవిడ వైపు తిరిగి నమస్కారం పెట్టి, అమ్మా, ఇంజను బయటికి ఎలా తీశారు అని అడిగారు. ఆవిడ నా వైపు చూసింది. జవాబు చెప్పేవాణ్ణి నేను కదా ఇన్నాళ్ళూ. నేను నేల చూశాను. ఆవిడ కుడిచెయ్యి కొంగు దగ్గరికి వెళ్ళింది, కప్పుకోవడానికి, మా తోడల్లుడి కూతురి పెళ్ళినాటి అలవాటే, అది చూస్తూ అక్కడ నిలబడలేక, టీ పెట్టుకొస్తాను అని చెప్పి వంటింట్లోకి వచ్చేశాను. గిన్నె దొరికింది, పాలు దొరికాయి, పొయ్యి వెలిగింది. షెడ్డులోంచి ముందు ఒక్కో మాట, మాటకీ మాటకీ మధ్య పెద్ద ఎడం, తర్వాత ఒక వాక్యం, తర్వాత ఎవరో ఏదో అడ్డు చెబితే, కాదండీ, అలా చేస్తే దూలం ఆగదు అని, నేను ఎప్పుడూ వినని గట్టి గొంతు. పంచదార ఏ డబ్బాలో ఉందో తెలియలేదు. ఇన్నేళ్ళ కాపురంలో తెలుసుకోవలసిన అవసరం రాలేదు. అన్ని మూతలూ తీశాను, అడుగుదామని షెడ్డు గుమ్మందాకా వెళ్ళాను. ఆవిడ నల్లటి గోళ్ళ చేతులు రెండూ గాల్లోకి ఎత్తి, గొలుసు ఎంత ఎత్తున కట్టిందో చూపిస్తోంది. వెనక్కి వచ్చి, పంచదార లేకుండానే టీ వడగట్టాను.